మన ఒంట్లోని ఎంజైములు, మనం మింగే మందులు: హైదరాబాదులో చేయించిన ఒక జన్యు పరీక్షపై సమీక్ష

హైదరాబాదులోని డయాగ్నొస్టిక్ కేంద్రాలు థైరాయిడ్, షుగర్, కొలెస్ట్రాల్ ప్యాకేజీల సరసన ఇప్పుడు మరొక పరీక్షను కూడా పెట్టి అమ్ముతున్నాయి. మనిషి జన్యువులను చదివి, అతని శరీరంలోని ఎంజైములు ఏ మందును ఎంత వేగంగా మారుస్తాయో, దేనివల్ల సైడ్ ఎఫెక్టులు వచ్చే అవకాశం ఎక్కువో ముందుగానే చెప్పే ఈ పరీక్షను ఫార్మకోజీనోమిక్స్ పరీక్ష అంటున్నారు. మా మామగారికి గుండె రక్తనాళంలో స్టెంట్ వేసిన తరువాత, ఆయన వాడుతున్న రక్తం పలచబరిచే మాత్ర సరిగా పనిచేస్తున్నదా అన్న అనుమానం గుండె డాక్టరుగారికే రావడంతో, ఆయన సూచన మేరకు హిమాయత్‌నగర్‌లోని ఒక ల్యాబులో ఈ పరీక్ష చేయించాము. ల్యాబు పేరు రాయడం నా ఉద్దేశం కాదు. ఇలాంటి ప్యాకేజీ ఎవరి దగ్గర కొన్నా డబ్బు కట్టేముందు ఏం అడగాలో, రిపోర్టు చేతికి వచ్చాక దానిని ఎంతవరకు నమ్మవచ్చో చెప్పాలని రాస్తున్నాను. ఆసుపత్రి ఫార్మసీలో చాలా ఏళ్ళు మందుల చీటీలు చదివినదాన్ని కనుక, రిపోర్టును కూడా ఆ అలవాటుతోనే చదివాను.

ముందుగా నా తీర్పు చెప్పేస్తాను. జన్యువును చదివే పని ఆ ల్యాబు బాగా చేసింది. ఆ ఒక్క ఫలితం వల్ల మామగారి వైద్యంలో అవసరమైన మార్పు జరిగింది. అయితే ఎంజైముల పనితనమంతా పుట్టుకతోనే తేలిపోతుందన్నట్టు ఆ రిపోర్టు రాసి ఉంది. పుట్టుకతో వచ్చేది ఎంజైముకున్న శక్తి మాత్రమే. ఆ శక్తిలో ఈ రోజు ఎంత పని జరుగుతున్నదన్నది ఆ మనిషి మింగే ఇతర మాత్రలను బట్టి, కాలేయం స్థితిని బట్టి, సిగరెట్టు అలవాటును బట్టి, ఒక్కోసారి తినే పండును బట్టి కూడా మారుతుంది. గండిపేట చెరువుకు ఎన్ని గేట్లున్నాయో చెప్పే పటం చేతిలో ఉన్నంత మాత్రాన ఇవాళ వాటిలో ఎన్ని ఎత్తారో తెలియదు. రోగి వాడుతున్న మందుల జాబితా ఎక్కడా అడగకుండా అంత లావు రిపోర్టు చేతిలో పెట్టడం ఈ సేవలో అన్నిటికన్నా పెద్ద లోపం. అందుకే అయిదింటికి మూడు మార్కుల దగ్గరే ఆగిపోయాను.

ఈ ఎంజైములు చేసే పని ఏమిటో కొంచెం వివరంగా చెప్పుకుంటే తప్ప ఆ లోపం ఎంత పెద్దదో అర్థం కాదు. మనం మింగే మాత్రల్లో చాలావాటికి కొవ్వులో కరిగే గుణం ఉంటుంది కాబట్టే అవి పేగు గోడను దాటి రక్తంలోకి వెళ్ళగలుగుతాయి. అదే గుణం వల్ల మూత్రపిండాలు వాటిని తేలికగా బయటికి పంపలేవు. వాటిని నీటిలో కరిగే రూపానికి తెచ్చే పని ముఖ్యంగా కాలేయానిది. ఆ పనిలో మొదటి మెట్టు చాలావరకు సైటోక్రోమ్ పీ450 అనే ఎంజైముల కుటుంబానిది. మనిషిలో ఈ కుటుంబానికి పనిచేసే జన్యువులు 57 ఉన్నాయి గాని, మందుల విషయంలో బరువంతా మోసేవి కొన్నే: సీవైపీ3ఏ4, సీవైపీ2డీ6, సీవైపీ2సీ9, సీవైపీ2సీ19, సీవైపీ1ఏ2. వీటిలో 3ఏ4 కాలేయంలోనే కాక పేగు గోడలో కూడా ఉంటుంది కనుక, కొన్ని మందులు రక్తంలోకి చేరకముందే వాటిలో కొంత భాగాన్ని అక్కడే తినేస్తుంది. ఎంజైము మందకొడిగా ఉంటే మందు ఒంట్లో పేరుకుని సైడ్ ఎఫెక్టులు వస్తాయని, చురుకుగా ఉంటే మందు నిలవక పని చేయదని మామూలుగా అనుకుంటాము. చాలా మందుల విషయంలో అది సరైనదే. కాని కొన్ని మందులు మింగినప్పుడు నిద్రాణంగా ఉండి, ఎంజైము తాకిన తరువాతే మందుగా మారతాయి. అక్కడ లెక్క పూర్తిగా తిరగబడుతుంది.

మామగారి మాత్ర క్లోపిడోగ్రెల్ సరిగ్గా అటువంటిదే. స్టెంట్ వేసినవారిలో చాలామందికి ఆస్పిరిన్‌తో పాటు రోజూ 75 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చే మాత్ర ఇది. మింగిన క్లోపిడోగ్రెల్‌లో దాదాపు 85 శాతాన్ని వేరే ఎంజైములు ఎందుకూ కొరగాని పదార్థంగా మార్చేస్తాయి. మిగిలిన కొద్ది భాగం కాలేయంలో రెండు దశల్లో మారి, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోకుండా ఆపే అసలు మందు అవుతుంది. ఆ రెండు దశల్లోనూ సీవైపీ2సీ19కు పాత్ర ఉంది. ఈ ఎంజైము జన్యువు మనలో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులుగా (కాపీలుగా) ఉంటుంది. స్టార్ 2 అనే మార్పు ఉన్న కాపీ నుంచి పనికొచ్చే ఎంజైము తయారు కాదు. రెండు ప్రతులూ అలాంటివే అయితే మాత్ర బలం బాగా తగ్గిపోతుంది. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అయితే మందు తక్కువగా తయారవుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లోనే ఈ మాత్ర కరపత్రంపై నల్లగీతల పెట్టెలో హెచ్చరిక చేర్పించింది. దక్షిణాసియా ప్రజల్లో స్టార్ 2 అరుదైనదేమీ కాదు. ఈ జన్యువు ప్రతుల్లో సుమారు మూడింట ఒక వంతు అదే. అంటే మనలో సగం మందికి పైగా కనీసం ఒక్క ప్రతినైనా మోస్తున్నారన్నమాట. మామగారి రిపోర్టులో ఈ జన్యువు ఎదుట స్టార్ 1 (మామూలు ప్రతి), స్టార్ 2 అని, పక్కన ఇంటర్మీడియట్ మెటబలైజర్, అంటే ఎంజైము మామూలుకన్నా తక్కువగా పనిచేసే మనిషి అని ఉంది. డాక్టరుగారి అనుమానం సరైనదేనని తేలింది. పరీక్షకు పెట్టిన డబ్బు ఈ ఒక్క వరుసకే చెల్లిపోయిందని నేను ఒప్పుకుంటాను.

ఇంతవరకు బాగానే ఉంది. రిపోర్టు చదవడం ముగించి, అత్తగారు మామగారి మాత్రలు పెట్టుకునే స్టీలు డబ్బా మూత తీసి చూసినప్పుడు అందులో ఒమెప్రజోల్ షీటు కనబడింది. డాక్టరుగారు చీటీలో రాసింది పాంటొప్రజోల్. ఆ షీటు అయిపోయినప్పుడు వీధి చివరి మందుల దుకాణంలో అది లేదని, "రెండూ గ్యాస్‌కేనండీ, ఏదైనా ఒకటే" అని చెప్పి కుర్రవాడు దీనిని ఇచ్చాడట. కడుపులో మంట తగ్గడం వరకే చూస్తే ఆ మాట మరీ తప్పేమీ కాదు. కాని ఒమెప్రజోల్, ఎసొమెప్రజోల్ రెండూ సీవైపీ2సీ19ను అణచివేసేవి. క్లోపిడోగ్రెల్ వాడేవారు ఈ రెండింటిని వాడవద్దని ఆ మాత్ర కరపత్రంలోనే రాసి ఉంటుంది. పాంటొప్రజోల్‌కు ఈ గుణం చాలా తక్కువ. అసలే సగం బలంతో ఉన్న ఎంజైముపై రోజూ పొద్దున్నే ఒక అణచివేత మాత్ర పడుతున్నదన్నమాట. అదే సమయంలో, ఒమెప్రజోల్‌ను విరిచి బయటికి పంపేది కూడా ఈ 2సీ19 ఎంజైమే. అందువల్ల మామగారి వంటివారిలో గ్యాస్ మాత్ర మామూలుకన్నా ఎక్కువసేపు నిలిచి ఇంకా బాగా పనిచేస్తుంది. ఒకే డబ్బాలో పక్కపక్కనే ఉన్న రెండు మాత్రలు, ఒకే ఎంజైము. దాని బలహీనత వల్ల ఒకటి నీరసపడుతుంది, మరొకటి రెట్టింపు చురుకవుతుంది. కడుపు హాయిగా ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

రిపోర్టులో దీని గురించి ఒక్క ముక్క లేదు. ఒమెప్రజోల్ పేరు వేరే పేజీలో ఉంది, ఎదురుగా ఆకుపచ్చ గుర్తు ఉంది, "ఆశించిన ఫలితం ఉంటుంది" అని రాసి ఉంది. క్లోపిడోగ్రెల్ పేరు ఎర్ర గుర్తుతో మరొక పేజీలో ఉంది. ఒక్కో మందును ఒంటరిగా నిలబెట్టి జన్యువుతో పోల్చిన ఆ పట్టిక, ఆ రెండింటినీ ఒకే మనిషి ఒకే పూట మింగుతున్నాడేమోనని ఆలోచించదు. ప్యాకేజీలో భాగంగా ఫోన్ చేసిన కౌన్సెలర్ అమ్మాయిని ఇదే అడిగాను. "మీరు వాడే మందులు మాకు తెలియవు కదా మేడమ్" అంది. "ఫారంలో అడిగి ఉంటే చెప్పేవాళ్ళం కదమ్మా" అన్నాను. కొంచెంసేపు ఆగి, అలాంటి గడి ఫారంలో లేదని, పైవాళ్ళకు రాస్తానని మర్యాదగానే చెప్పింది. ఆ అమ్మాయి విషయంలో నాకు ఫిర్యాదు లేదు. తెలుగులో చెప్పమనగానే తడబడకుండా చెప్పింది. డాక్టరుగారిని అడగకుండా ఒక్క మాత్ర కూడా ఆపవద్దని రెండుసార్లు హెచ్చరించింది. తప్పు ఆ ఫారం తయారుచేసినవారిది.

జన్యువు ప్రకారం మామూలు ఎంజైము ఉన్న మనిషి, వేరే మందు వల్ల మందకొడి ఎంజైము ఉన్న మనిషిలా మారిపోవడం ఎక్కడో ఒకరిద్దరికి జరిగే వింత కాదు. దిగులు జబ్బుకు వాడే ఫ్లువోక్సెటిన్, పారోక్సెటిన్ మాత్రలు సీవైపీ2డీ6ను గట్టిగా అణచివేస్తాయి. బీపీకి, గుండె వేగానికి ఇచ్చే మెటొప్రొలాల్‌ను విరిచేది ఆ 2డీ6 ఎంజైమే. కనుక జన్యు రిపోర్టులో నార్మల్ అని ఉన్నా, ఈ రెండూ కలిపి వాడే వ్యక్తికి నాడి మరీ నెమ్మదించి కళ్ళు తిరగవచ్చు. ఎదురుదిక్కు ఉదాహరణ మన దేశంలో ఇంకా ముఖ్యమైనది. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ 3ఏ4, 2సీ9 వంటి అనేక ఎంజైముల తయారీనే పెంచేస్తుంది. దాని ప్రభావం పూర్తి స్థాయికి చేరడానికి దాదాపు రెండు వారాలు, మందు ఆపాక తగ్గడానికి మరో రెండు వారాలు పడుతుంది. ఆ కాలంలో గర్భనిరోధక మాత్రలు నమ్మదగినవి కావు. గుండె కవాటం మార్పించుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, ఎసినోకుమరాల్ మోతాదు చాలక, ఆ మందుల ప్రభావాన్ని కొలిచే ఐఎన్ఆర్ అనే రక్త పరీక్ష అంకె పడిపోతుంది. తీరా క్షయ మందు ఆపిన తరువాత, పెంచిన మోతాదును తగ్గించడం మరచిపోతే రక్తస్రావం అవుతుంది. ఫార్మసీ కిటికీ దగ్గర కూర్చున్నవారికి ఈ రెండో ప్రమాదమే ఎక్కువ భయం కలిగిస్తుంది, ఎందుకంటే అప్పటికి కొత్త మందేదీ చీటీలో ఉండదు. ఒక పాత మందు లేకపోవడమే కారణం.

ఇక జలుబు, దగ్గులకు తేలికగా రాసే క్లారిత్రోమైసిన్ అనే యాంటిబయోటిక్ 3ఏ4ను అణచివేస్తుంది. కొలెస్ట్రాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ ఆ ఎంజైము మీదే ఆధారపడతాయి కాబట్టి, రెండూ కలిస్తే కండరాలు నొప్పులు పుట్టి, అరుదుగా కండరం కరిగి మూత్రపిండాలకే ముప్పు రావచ్చు. రోసువాస్టాటిన్‌కు ఈ బెడద లేదు. గ్రేప్‌ఫ్రూట్ రసం పేగులోని 3ఏ4ను పనిచేయకుండా చేస్తుందన్న సంగతి చాలామంది విన్నదే. ఆ పండుకు దగ్గర చుట్టమైన పంపరపనసలోనూ అదే జాతి పదార్థాలున్నాయి. సిగరెట్టు పొగలోని తారు 1ఏ2ను రెచ్చగొడుతుంది. అందుకే మానసిక వైద్యంలో, ఆ ఎంజైము విరిచే ఓలాంజపిన్, క్లోజపిన్ వాడే వ్యక్తి ఆసుపత్రిలో చేరి పొగ మానేయగానే అదే మోతాదు అతనికి ఎక్కువైపోతుంది. నికోటిన్ బిళ్ళ, ప్యాచ్ ఇచ్చినా ఇది ఆగదు. ఎంజైమును పెంచినది పొగే తప్ప నికోటిన్ కాదు. గట్టి జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్న రోజుల్లో ఈ ఎంజైముల పని తగ్గడం కూడా తెలిసిన విషయమే. రిపోర్టు అట్టమీద "జీవితకాలానికి ఒకసారి" అని బంగారు రంగులో అచ్చు వేశారు. జన్యువు విషయంలో అది సరే. ఎంజైము విషయంలో ఆ మాట చెల్లదు.

రిపోర్టు చివరి పేజీలో చిన్న అక్షరాలతో ఉన్న పట్టికను కూడా కొనేవారు చూడాలి. స్టార్ 1 అంటే మామూలు ప్రతి అని అర్థం చేసుకుంటాము గాని, ల్యాబు తాను వెతికిన మార్పుల్లో ఏదీ కనిపించనప్పుడు వేసే పేరు అది. వెతకని మార్పు ఉంటే అది కూడా స్టార్ 1గానే అచ్చవుతుంది. 2సీ19 విషయంలో స్టార్ 2, స్టార్ 3, స్టార్ 17 వెతికితే చాలావరకు సరిపోతుంది. ఈ ల్యాబు మూడూ వెతికింది. 2డీ6 అలాంటిది కాదు. ఈ జన్యువు కొందరిలో మొత్తంగా లేకుండా పోతుంది, కొందరిలో రెండు మూడు ప్రతులుగా పెరిగి ఉంటుంది. పైగా పక్కనే ఉన్న 2డీ7 అనే పనికిరాని జన్యువుతో కలగలిసిపోతుంది. ప్రతులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టని పరీక్ష, అతివేగంగా మందును మార్చే మనిషిని కూడా నార్మల్ అని రాసేస్తుంది. ఈ రిపోర్టులో ప్రతుల లెక్క చేసినట్టు ఎక్కడా లేదు. అయినా 2డీ6 ఎదుట ఏ అనుమానమూ లేనట్టు నార్మల్ అని ఆకుపచ్చ గుర్తు పెట్టారు. నా దృష్టిలో ఇది ఈ ఉత్పత్తిలోని రెండో పెద్ద లోపం.

ఎందుకు పెద్దదంటే, ఆ ఎంజైము చేతిలో ఉన్న మందులు అలాంటివి. కోడీన్ తనంతట తాను పెద్దగా నొప్పి తగ్గించదు. 2డీ6 దానిని మార్ఫిన్‌గా మారుస్తుంది. అతివేగంగా మార్చే పిల్లలకు మామూలు మోతాదు కోడీన్ ఇచ్చినా రక్తంలో మార్ఫిన్ హఠాత్తుగా పెరిగి ఊపిరి మందగించి మరణించిన సందర్భాలున్నాయి. టాన్సిల్స్ ఆపరేషన్ అయిన పిల్లలకు ఇది ఇవ్వకూడదని అమెరికా నియంత్రణ సంస్థ 2013లో చెప్పింది. 2017లో 12 ఏళ్ళలోపు పిల్లలకెవరికీ వద్దంది. మన దగ్గర ఎముకల ఆసుపత్రుల్లో ధారాళంగా రాసే ట్రమడాల్ కూడా బలం పుంజుకోవడానికి 2డీ6 మీదే ఆధారపడుతుంది. రొమ్ము క్యాన్సర్‌కు వాడే టమాక్సిఫెన్ సంగతీ అంతే. అసలు ఈ ఎంజైము బయటపడిన తీరు కూడా ఒక సైడ్ ఎఫెక్టుతోనే మొదలైంది: 1970లలో లండన్‌లో డెబ్రిసోక్విన్ అనే బీపీ మందును పరీక్షిస్తూ తామే మింగిన పరిశోధకుల్లో, ప్రొఫెసర్ రాబర్ట్ స్మిత్ ఒక్కరే బీపీ పడిపోయి కుప్పకూలారు. ఆయన శరీరం ఆ మందును విరవలేకపోయిందని తరువాత తేలింది.

రిపోర్టులో గట్టి సరుకు ఎంత, నింపుడు ఎంత అన్నది మరొక ప్రశ్న. రోగనిరోధక శక్తిని అణచడానికి ఇచ్చే అజాతయోప్రిన్ అనే మందు మొదలుపెట్టేముందు చూడవలసిన జన్యువులు టీపీఎమ్‌టీ, నుడ్‌టీ15 రెండూ ఇందులో ఉన్నాయి. పాశ్చాత్య దేశాల పాత ప్యాకేజీలు మొదటిదానితోనే సరిపెట్టేవి. మనవారిలో తెల్ల రక్తకణాలు ఒక్కసారిగా పడిపోవడానికి రెండోది ఎక్కువగా కారణమవుతుంది కాబట్టి అది ఉండటం మెచ్చుకోవలసిన విషయం. కేపిసిటబిన్ అనే క్యాన్సర్ మందుకు సంబంధించిన డీపీవైడీ కూడా ఉంది. యూరప్ ఔషధ సంస్థ ఈ మందుకు ముందు ఆ పరీక్ష చేయించమని 2020 నుంచి సిఫారసు చేస్తున్నది. క్షయకు ఇచ్చే ఐసోనియజిడ్‌ను నెమ్మదిగా విరిచేవారిని గుర్తించే నాట్2, వార్ఫరిన్ మోతాదుకు పనికొచ్చే 2సీ9, వీకేఓఆర్‌సీ1 ఉన్నాయి. స్టాటిన్ కండరాల నొప్పికి సంబంధించిన ఎస్ఎల్‌సీఓ1బీ1ను కూడా ఎంజైముల పట్టికలోనే కలిపేశారు. అది ఎంజైము కాదు, మందును కాలేయ కణంలోకి చేరవేసే ప్రొటీను. చిన్న పొరపాటే అయినా చదివేవారికి తప్పు అర్థం ఇస్తుంది. వీటి తరువాత విటమిన్లు, వ్యాయామం, కాఫీ అంటూ వచ్చిన పేజీలు ప్యాకేజీ ధర పెంచడానికి తప్ప వైద్యానికి అక్కరకు రావు. సీపీఐసీ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం ఏ జన్యువుకు, ఏ మందుకు ఎంత ఆధారం ఉందో ఉచితంగానే ప్రచురిస్తుంది. రిపోర్టులోని ప్రతి మందు పక్కన ఆ బృందం ఇచ్చిన ఆధారం స్థాయిని అచ్చు వేసి ఉంటే సగం పేజీలు వాటంతటవే రాలిపోయేవి.

సేవ విషయానికి వస్తే, ఇంటికి వచ్చి రక్తం తీసుకున్న కుర్రవాడు పనిమంతుడు. మామగారి సన్నని నరాన్ని ఒక్కసారికే పట్టుకుని ఊదారంగు మూత గొట్టంలోకి రక్తం తీసి, మెల్లగా అటూ ఇటూ తిప్పి, పేరు చదివి వినిపించి మరీ చీటీ అంటించాడు. ఉపవాసం అక్కర్లేదని ముందే చెప్పారు. సమ్మతి పత్రం మాత్రం ఇంగ్లీషులోనే ఉంది. జన్యు సమాచారాన్ని పరిశోధనకు వాడుకోవచ్చునన్న గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది. కొట్టేస్తానంటే అభ్యంతరం చెప్పలేదు గాని, చదవనివారి సంగతి ఏమిటో ఆలోచించాలి. రిపోర్టు చెప్పిన గడువు దాటి వచ్చింది. అన్నిటికన్నా నాకు కోపం తెప్పించినది అది వచ్చిన పద్ధతి. డాక్టరుగారికి చేరకముందే, రాత్రి పొద్దుపోయాక, మామగారి వాట్సాప్‌కే నేరుగా వచ్చింది. మొదటి పేజీలోనే క్లోపిడోగ్రెల్ ఎదుట ఎర్ర గుర్తు, "వాడరాదు" అన్న అర్థం వచ్చే మాట. స్టెంట్ వేయించుకున్న మనిషి ఆ మాట చూసి మర్నాటి నుంచి మాత్ర మానేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి వస్తుంది. బలహీనంగా పనిచేసే మాత్ర కూడా, ఏ మాత్రా లేకపోవడం కన్నా ఎన్నో రెట్లు మేలు. ఆ ఎర్ర గుర్తు పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో, తెలుగులో, "మీ అంతట మీరు ఆపకండి" అని ఉండి తీరాలి. కౌన్సెలర్ చెప్పిన ఆ మాట మాకు ఫోనులో తరువాత చేరింది.

డాక్టరుగారు రిపోర్టులో ఆ ఒక్క వరుసనే చదివి, మిగతాది పక్కన పెట్టి, డబ్బాలోని షీట్లన్నీ బల్లమీద పరిపించి చూశారు. క్లోపిడోగ్రెల్ స్థానంలో, ఏ ఎంజైమూ మేల్కొలపనక్కర్లేకుండా నేరుగా పనిచేసే టికాగ్రెలార్ రాశారు. ప్రాసుగ్రెల్ కూడా ఉంది గాని, లోగడ పక్షవాతం వచ్చినవారికి అది పనికిరాదు. వయసు 75 దాటినవారికి, బరువు 60 కిలోలకు తక్కువ ఉన్నవారికి జాగ్రత్త అవసరం. మామగారిది చాలా పలచని ఒళ్ళు కావడంతో దాని జోలికి వెళ్ళలేదు. టికాగ్రెలార్ రోజుకు రెండుపూటలా తప్పకుండా వేసుకోవాలి. కొందరికి ఆయాసం వచ్చినట్టు అనిపిస్తుంది, అది గుండె ఆయాసమో మందు ఆయాసమో డాక్టరు తేల్చాలి. పైగా ఈ మందును ఒంట్లోంచి పంపేది 3ఏ4 కాబట్టి, ఇకమీదట క్లారిత్రోమైసిన్ ఇంట్లో అడుగుపెట్టకూడదని, క్షయ మందు ఎప్పుడైనా అవసరమైతే ముందు తనకు చెప్పాలని అన్నారు. ఒక ఎంజైము బారి నుంచి తప్పించుకుని మరొకదాని పరిధిలోకి వచ్చామని ఆయన నవ్వుతూ అన్న మాట రిపోర్టు మొత్తంలో ఎక్కడా లేని సమాచారం.

ధర పదివేలకు కాస్త అటూ ఇటూగా ఉంది. స్టెంట్ వేయించుకుని క్లోపిడోగ్రెల్ మీద ఉన్నవారికి 2సీ19 ఒక్కటే విడిగా చేసే ల్యాబులున్నాయి, ఖర్చు చాలా తగ్గుతుంది. డాక్టరు అడిగింది అదే అయితే అంతవరకే చేయించండి. అనేక మందులు ఏళ్ళ తరబడి వాడుతూ, ఏది మార్చినా ఏదో ఒక సైడ్ ఎఫెక్టు వచ్చేవారికి, అజాతయోప్రిన్ వంటివి మొదలుపెట్టబోతున్నవారికి పెద్ద ప్యాకేజీ ఉపయోగపడవచ్చు. ఏ జబ్బూ లేని వారికి పుట్టినరోజు కానుకగా ఇమ్మని ప్రకటనలు వస్తున్నాయి. ఆ డబ్బు వేరే దేనికైనా వాడుకోవచ్చు. డబ్బు కట్టేముందు ఏయే మార్పులు వెతుకుతారో ఆ పట్టిక పంపమనండి, 2డీ6 ప్రతులు లెక్కపెడతారా అని అడగండి, రిపోర్టును ముందుగా డాక్టరుకే పంపించమని రాసివ్వండి. వాడుతున్న మందులన్నీ, గ్యాస్ మాత్ర, దగ్గు మందు, ఆయుర్వేద లేహ్యంతో సహా ఒక కాగితం మీద రాసి, అడగకపోయినా ఫారానికి పిన్ను కొట్టండి.

ఇంత పెద్ద ప్యాకేజీలో, తెలుగువారికి ప్రత్యేకంగా అవసరమైన ఒక ఎంజైము లేకపోవడం నన్ను ఆశ్చర్యపరిచింది. ఆపరేషన్ బల్లపై గొంతులో గొట్టం వేసేముందు కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్‌ను రక్తంలోని బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము కొద్ది నిమిషాల్లోనే విరిచేస్తుంది. ఆ ఎంజైము కొరతగా ఉన్నవారు అదే సూదితో గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేక వెంటిలేటర్ మీద ఉండవలసి వస్తుంది. ఆంధ్ర, తెలంగాణల ఆర్యవైశ్య సమాజంలో ఈ కొరత ఇతరులకన్నా సుమారు వంద రెట్లు ఎక్కువని, తరతరాలుగా లోపలే పెళ్ళిళ్ళు చేసుకోవడం దీనికి కారణమని హబ్సిగూడలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి పరిశోధన కూడా చెప్పింది. అనుభవమున్న మత్తు డాక్టర్లు ఆపరేషన్‌కు ముందు ఇంట్లో ఎవరికైనా మత్తు నుంచి తేరుకోవడం ఆలస్యమైందా అని అడిగేది ఇందుకే. ముందే తెలిస్తే వేరే మందు వాడతారు. ఇది ప్యాకేజీలో ఎందుకు లేదని ల్యాబును అడిగితే, తమ పట్టిక విదేశీ కంపెనీ తయారుచేసిన కిట్టు ప్రకారం ఉంటుందన్నారు. నిజానికి దీనికి జన్యు పరీక్ష దాకా వెళ్ళనక్కర్లేదు. సీరం కోలినెస్టరేజ్ అనే మామూలు రక్త పరీక్ష చాలా ల్యాబుల్లో దొరుకుతుంది. వైవాక్స్ మలేరియాకు ప్రైమాక్విన్ ఇచ్చేముందు ఎర్ర రక్తకణాల్లో చూసే జీ6పీడీ ఎంజైము పరీక్ష కూడా అలాంటిదే; ఆ ఎంజైము కొరతగా ఉంటే ఆ మందుకు రక్తకణాలు చితికిపోతాయి. అయితే రక్తకణాలు అప్పటికే చితికి ఉన్న రోజుల్లో దానిని చేయిస్తే, మిగిలిన లేత కణాల వల్ల ఫలితం మామూలుగా ఉన్నట్టు కనిపించవచ్చు కాబట్టి, కొన్ని వారాలు ఆగి మళ్ళీ చేయించాలి.